పద్నాలుగో మిషన్

పలాసలో నేను పనిచేసిన ఇంటర్నెట్ సెంటరు అంతకుముందు జీడిపిక్కల గోదాము. ముందు హాలుకి రంగులు వేసి, ప్లైవుడ్ అడ్డాలు కట్టి పన్నెండు కంప్యూటర్లు పెట్టారు గానీ వెనక గది జోలికి ఎవరూ పోలేదు. దాని గోడల్లోంచి ఇంకా కాల్చిన పిక్కల నూనె వాసన వచ్చేది. కిటికీ లేదు. అందులోంచి బయటికి రావాలంటే యజమాని కూర్చునే కౌంటరు పక్కనుంచి ఒకటే దారి. రెండేళ్ళు నా ఉద్యోగం ఆ గదిలోనే.

గదిలో బల్లమీద, పక్కమూత తీసేసిన కంప్యూటరు ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉండేది. సర్వర్ అనేవాళ్ళం. సెంటరు మొత్తానికి ఉన్నది ఒక్కటే సన్నటి లైను. పన్నెండు మందీ దానిమీద పడితే ఎవరికీ ఏదీ రాదు. అందుకని మిషన్లన్నీ ముందు ఈ సర్వర్‌ని అడుగుతాయి. అది బయటికి వెళ్ళి పేజీ తెచ్చి ఇచ్చి, ఒక నకలు తన దగ్గర దాచుకుంటుంది. మళ్ళీ ఎవరైనా అదే పేజీ అడిగితే ఆ నకలు తీసి ఇస్తుంది. పరీక్షా ఫలితాల రోజున ఊరు ఊరంతా వచ్చి మీద పడినా సెంటరు నిలబడిందంటే దానివల్లే. దాన్ని చూసుకోవడం నా పని.

రెండు వేల సంవత్సరం దాటి నాలుగైదేళ్ళు అయివుంటుంది. డిగ్రీ అయ్యాక టెక్కలిలో ఏడాది కంప్యూటర్ డిప్లొమా చేశాను. మా నాన్న కోటబొమ్మాళి సంతలో ధాన్యం తూకాలు వేసేవాడు. సెంటరు యజమాని జీడి ఫ్యాక్టరీ ఉన్న పెద్ద రైతు, మావైపు మాటలో బుగత, చుట్టుపక్కల నాలుగు ఊళ్ళలో మాట చెల్లే మనిషి. చేరిన రోజున ఆయన నా టెన్త్, ఇంటర్, డిగ్రీ, డిప్లొమా ఒరిజినల్ సర్టిఫికెట్లన్నీ తీసుకున్నాడు.

"రెండేళ్ళు ఉండాలమ్మా. నేర్పినాక పారిపోతే నా గతేటి? ఇవి మా బీరువాలో బద్రంగా ఉంటాయి" అన్నాడు.

నేను నాన్న వైపు చూశాను. నాన్న తలాడించాడు. బయటికి వచ్చాక, "బుగత బీరువాలో ఉంటే మంచిదే గదా. మనింట్లోనైతే సెదలు పట్టీసును" అన్నాడు. ఆ మాట నన్ను ఊరుకోబెట్టడానికి అన్నాడో, తనని తాను ఊరుకోబెట్టుకోడానికో నాకు ఇప్పటికీ తెలియదు.

అప్పట్లో వారానికి రెండుసార్లు ఒకావిడ సెంటరుకి వచ్చేది. సంతబొమ్మాళి అవతల సముద్రం ఒడ్డున పల్లె ఆమెది. ఆటోలో ఒకచోటికి, బస్సులో ఇంకోచోటికి మారుతూ పలాస చేరేసరికి పదిన్నర అయ్యేది. ముప్పై అయిదేళ్ళుంటాయి. మావైపు అక్కని పిలిచినట్టు ఆమెను నేను అప్పా అని పిలిచేదాన్ని. ఆమె భర్త గుజరాత్ తీరంలో బోటు పనికి వెళ్ళాడు. బోటు సరిహద్దు దాటిందని అవతలి దేశం వాళ్ళు పట్టుకుపోయారు. అప్పటికి ఏడాది దాటింది. విడిచిపెట్టిన వాళ్ళ పేర్లు ఎప్పుడైనా వస్తే ముందు కంప్యూటర్లో వస్తాయని ఆమెకి ఎవరో చెప్పారట.

మొదటిరోజు ఆమె పక్కన కూర్చుని వెతికి, అలాంటి వార్తలు వేసే పేజీ ఒకటి తీసి పెట్టాను. ఆరోజు ఏమీ లేదు.

"ఇప్పుడు లేదు. అరగంటకి వత్తాదేమో?" అంది.

"వస్తే రావచ్చప్పా."

"మరి నాకెలగ తెలుస్తాది?"

కీబోర్డు పైవరసలో ఎఫ్ ఐదు అనే మీట చూపించాను. అది నొక్కితే పేజీ మళ్ళీ కొత్తగా వస్తుందని చెప్పాను. ఆమె వేలుపెట్టి నొక్కింది. పేజీ ఒక్కసారి మాయమై మళ్ళీ వచ్చింది. మొదటిసారిగా ఆమె మొహంలో ఏదో కదిలింది. తనకి చదవడం రాకపోయినా, పైనుంచి రెండో వరస మారిందో లేదో గుర్తుపట్టగలిగేది. మారితే నన్ను కేకేసేది. అయిదో నంబరు మిషన్ ముందు రెండు గంటల పైన కూర్చుని, మధ్యమధ్యలో ఆ మీట నొక్కి, ఒంటిగంట బస్సుకి వెళ్ళిపోయేది.

ఆ వేసవి చివర్లో సెంటరుకి జబ్బు చేసింది.

రోజూ పదకొండున్నర ప్రాంతంలో ఒక్కసారిగా అన్ని మిషన్లలోనూ పేజీలు ఆగిపోయేవి. తెర తెల్లగా ఉండిపోయేది. అప్పుడే టీచరు పోస్టుల దరఖాస్తుల రోజులు. సగం ఫారం నింపినవాళ్ళు లేచి నిలబడి అరిచేవాళ్ళు. నేను సర్వర్‌ని ఆపి మళ్ళీ ఆన్ చేసేదాన్ని. గంటసేపు బాగానే నడిచి మళ్ళీ ఆగిపోయేది. ఆపి ఆన్ చేసిన ప్రతిసారీ ఎవరిదో ఒకరి పని మొదటికి వచ్చేది.

రెండోరోజున సర్వర్ రాసుకునే లాగ్ ఫైలు చదివాను. అందులో ఒకే హెచ్చరిక వరసగా ఉంది. తెరవగలిగినన్నీ తెరిచేశాను, ఇక నావల్ల కాదు, అని దాని సారాంశం. ఒక మిషన్ ఒక బొమ్మ అడిగినా, ఒక పేజీ అడిగినా సర్వర్ ఒక కనెక్షన్ తెరుస్తుంది. అటు బయటి ప్రపంచం వైపు ఇంకోటి తెరుస్తుంది. పని అయిపోయాక మూసేస్తుంది. ఏకకాలంలో వెయ్యిన్ని ఇరవై నాలుగు మాత్రమే తెరిచి ఉంచగలదు. పన్నెండు మిషన్లకి అది చాలా ఎక్కువ. మరి ఎందుకు నిండిపోతోంది?

నాకు తోచిన మొదటి మందు, ఆ సంఖ్యని పెంచడం. పుస్తకం ముందేసుకుని ఒక పూటంతా కష్టపడి రెండింతలు చేశాను. ఆరోజు పదకొండున్నర దాటింది, పన్నెండు దాటింది. గెలిచాననుకుని గదిలోనే చపాతీలు విప్పుకున్నాను. రెండు కొట్టేసరికి మళ్ళీ అంతా నిలిచిపోయింది. నేను చేసిందల్లా చావుని రెండున్నర గంటలు వెనక్కి జరపడం. ఆ సంఖ్యని మళ్ళీ మామూలుకి తెచ్చేశాను.

నాలుగోరోజున ఇంకో పని చేశాను. మాట్లాడకుండా ఊరికే ఉన్న కనెక్షన్లని కొద్ది సెకన్లలో తెంపేయమని సర్వర్‌కి చెప్పాను. కవిటి నుంచి ఒక స్కూలు మాస్టారు వచ్చేవారు. మా ఉద్దానంలో చాలామందికి ఉన్న కిడ్నీ జబ్బే ఆయనకీ. తన రక్తపరీక్ష కాగితాలు స్కాన్ చేసి విశాఖపట్నంలో ఉన్న డాక్టరుకి పంపుకునేవారు. మా లైను మీద ఒక్కో కాగితం వెళ్ళడానికి పది నిమిషాలు. మధ్యలో కాస్త ఆగగానే సర్వర్ నేను చెప్పినట్టే తెంపేసింది. మూడుసార్లు పంపారు, మూడుసార్లూ తెగింది. ఆయన లేచి వెనక గది గుమ్మం దగ్గరికి వచ్చి, "రేపు రమ్మంటారా అమ్మా?" అని అడిగారు. కాళ్ళు వాచి ఉన్నాయి ఆయనకి. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఆ మార్పు వెంటనే తీసేశాను.

ఆరోజు మధ్యాహ్నం యజమాని గుమ్మంలో నిలబడ్డాడు. ఆయన నిలబడితే ఆ గదికి వెలుతురు రాదు.

"ఎవులు సేత్తన్నారమ్మా ఇదంతా? మిషన్ తప్పా, మనిసి తప్పా?"

"చూస్తున్నాను సార్."

"నాలుగు రోజుల్నించి సూత్తన్నావు. నువ్వు సదివినావని నా బీరువాలో కాయితాలు సెప్తన్నాయి. నువ్వేటి సెప్తావు?"

బయట ఎవరో అరుస్తున్నారు. ఫ్యాన్ గాలి వేడిగా కొడుతోంది. అప్పటికి నేను లెక్క చూడలేదు, రుజువు లేదు, అనుమానం కూడా సరిగ్గా లేదు. ఏదో ఒకటి చెప్పి ఆయన్ని గుమ్మంలోంచి కదిలించాలనుకున్నాను, అంతే.

"అయిదో మిషన్ దగ్గర ఒకావిడ అదే పేజీ మాటిమాటికీ తెరుస్తోంది సార్. ఎఫ్ ఐదు నొక్కుతూ ఉంటుంది. దానివల్ల కావచ్చు."

"అదీ, అలగ సెప్పు" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఆమె వచ్చే రోజు. గదిలో కూర్చుని అంతా విన్నాను.

"ఇదిగో, నిన్నే. ఇంక నువ్వు రాకు. నువ్వు ఆ ఎఫ్ ఐదు నొక్కుతన్నావంట, అందికే మిషన్లన్నీ సచ్చిపోతన్నాయి."

"నానేటి సేసినాను బాబూ? ఒక్క మీట గదా."

"ఆ ఒక్క మీటే కొంప ముంచుతోంది. ఇంకెక్కడికైనా ఎల్లు."

"అంత దూరంనించి వచ్చినాను. ఇవేళ ఒక్కపాలి సూసుకుని పోతాను."

"సెప్తంటే ఇనవేటి?"

 తర్వాత వాకిట్లో మెట్ల మీద చెప్పుల చప్పుడు. నా చేతులు కీబోర్డు మీద ఉన్నాయి, ఏమీ టైపు చేయలేదు. లేచి నాలుగడుగులు వేస్తే బయట ఉంటాను. లేవలేదు.

ఆమె వెళ్ళిన ముప్పావుగంటకి, సరిగ్గా పదకొండున్నరకి, మిషన్లన్నీ ఆగిపోయాయి.

అయిదో నంబరు ఖాళీగా ఉంది. దాని తెర మీద చేపల బొమ్మలు ఈదుతున్నాయి.  అప్పుడు, మొదటిరోజే చేయవలసిన పని చేశాను. సర్వర్‌ని ఆపలేదు. బయటివాళ్ళు అరుస్తుంటే అరవనిచ్చి, ఆ క్షణాన తెరిచి ఉన్న కనెక్షన్లన్నిటి జాబితా అడిగాను. ఒక్కో కనెక్షన్ ఏ మిషన్ పట్టుకుని ఉందో ఆ జాబితాలో ఉంటుంది. మిషన్ల వారీగా లెక్కపెట్టించాను. ఒకటో నంబరు పద్దెనిమిది. రెండు, పదకొండు. అలా పన్నెండు మిషన్లూ, కౌంటరు మీద ఉన్న పదమూడోదీ, అన్నీ కలిపితే రెండు వందలు లేవు. మిగతావన్నీ ఒకే నంబరువి. పద్నాలుగు.

మాకు పద్నాలుగో మిషన్ లేదు.

పాత లాగ్ తిరగేసి ముందటి రోజులు కూడా చూశాను. అయిదో నంబరుకి ఎన్నడూ ఆరు కనెక్షన్లకి మించి లేవు. ఆమె నొక్కిన మీట ఒక పేజీని తెచ్చేది, మూసేది. అంతే. పద్నాలుగు మాత్రం రోజూ పదిన్నరకి మొదలయ్యేది. ఒకటి, పదహారు, యాభై, మూడు వందలు. అందులో సగం చచ్చిన కనెక్షన్లు. అవతలివాడు ఫోను పెట్టేసినా, మా సర్వర్ రిసీవర్ చెవికి ఆనించుకుని హలో హలో అంటూ కూర్చున్నట్టు, మూయకుండా వదిలేసినవి.

కేబుళ్ళన్నీ వచ్చి చేరే పెట్టె నా బల్ల వెనక గోడకి ఉండేది. దాని వెనక్కి చేయి పెట్టి ఒక్కో వైరూ తడిమాను. చివరి కన్నంలో బూడిదరంగు వైరు ఒకటి ఉంది. అది మిగతావాటిలా హాల్లోకి వెళ్ళలేదు. గోడవెంట పైకి పాకి, కప్పుకి కొత్తగా చేసిన కన్నంలోంచి పై అంతస్తుకి పోయింది.

పై అంతస్తులో యజమాని కుటుంబం ఉండేది. అక్కడ కంప్యూటరు ఉన్నది ఒక్కరికే. యజమాని బావమరిది. ముప్పై ఏళ్ళవాడు, రాజకీయాల్లో తిరిగేవాడు, మండలంలో కుర్రకారు అంతా అతని వెనకే. పదింటికి నిద్ర లేచేవాడు. సినిమాలు దించుకోడానికి అప్పట్లో ఒక సాఫ్ట్‌వేరు ఉండేది. ఒక ఫైలుని పదహారు ముక్కలు చేసి, పదహారు కనెక్షన్లతో ఒకేసారి లాగుతుంది. ఒకటి తెగితే వదిలేసి కొత్తది తెరుస్తుంది. ఇరవై ముప్పై ఫైళ్ళు వరసలో పెట్టి అతను కాఫీ తాగడానికి వెళ్ళేవాడని తర్వాత తెలిసింది.

ఆ జాబితాని ప్రింటర్‌లో అచ్చువేశాను. విడదీయని కాగితం మడతలు మడతలుగా బల్ల దిగి నేలమీద పడింది. మడిచి నా సంచిలో పెట్టుకున్నాను. కౌంటరు దగ్గరికి వెళ్ళి చెప్పాలి. వెళ్ళలేదు.

దానికి కారణం ఉంది. ముందువారమే నాకు విశాఖపట్నం నుంచి ఒక కంపెనీ వాళ్ళ ఉత్తరం వచ్చింది. ఇంటర్వ్యూకి రమ్మని. ఒరిజినల్ సర్టిఫికెట్లు వెంట తెచ్చుకోవాలని దాని కింద గీత గీసి మరీ ఉంది. ఇంకా పదిరోజుల వ్యవధి ఉంది. ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, ఒక్కరోజుకి ఇవ్వండి సార్ అని అడుగుదామని చూస్తున్నాను. మీ బావమరిదే సార్ దొంగ అని ఇవాళ చెప్పి, రేపు సర్టిఫికెట్లు అడగ్గలనా?

అందుకని నోరు మూసుకుని మందు వేశాను. ఏ మిషన్‌కైనా పన్నెండు కనెక్షన్లకి మించి ఇవ్వొద్దని సర్వర్‌కి నియమం పెట్టాను. అవతలివాళ్ళు పెట్టేసిన వెంటనే తనూ మూసెయ్యమని ఇంకోటి రాశాను. రెండు లైన్లు. సర్వర్ ఆరోజు నుంచి ఆగలేదు. కవిటి మాస్టారి కాగితాలు ఒక్కసారిలో వెళ్ళాయి. వెళ్తూ ఆయన నాకు చేతులెత్తి నమస్కారం పెట్టారు.

యజమాని ముఖం విప్పారింది. వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు, "ఒకాయమ్మ రోజంతా కూకుని మీట నొక్కేదండీ. పంపీసినాను. ఇప్పుడు సూడండి ఎలగ నడుస్తోందో."

నాకు ఆ మాట గోడ అవతలనుంచి రోజుకి నాలుగుసార్లు వినిపించేది. ప్రతిసారీ ఇప్పుడు లేస్తాను అనుకునేదాన్ని. ఆమె మామూలుగా వచ్చే రోజు రానే వచ్చింది. పదిన్నరకి నా చెవులు మెట్ల వైపే ఉన్నాయి. ఎవరూ రాలేదు. ఆమె చూసే వార్తల పేజీని నేనే గదిలోంచి తెరిచి చూశాను. ఏమీ లేదు. ఒకవేళ ఉంటే ఆమెకి చెప్పే దారి కూడా నా దగ్గర లేదు.

నాలుగోరోజున బావమరిది కిందికి దిగాడు. నేరుగా కౌంటరు దగ్గరికి వచ్చాడు.

"బావా, నీ నెట్టుకి ఏటయింది? మూడ్రోజుల్నించి నత్తలాగ నడుస్తోంది. ఈ పిల్ల ఏదో నొక్కీసినాది."

యజమాని నన్ను పిలిచాడు. "ఏటమ్మా, పైన నెట్టు రాట్లేదంట. ముందులాగ సేసీ."

"ముందులాగ చేస్తే కింద అందరికీ ఆగిపోతుంది సార్."

"అదేటి? ఆయమ్మ పోయింది గదా."

అప్పటికి కూడా తప్పించుకునే దారి ఉంది. సరే సార్ అని లోపలికి పోయి, ఆ పన్నెండుని వంద చేసి ఊరుకోవచ్చు. కాని ఆయన ఆయమ్మ అన్న తీరుకి నాలో ఏదో తెగింది. ధైర్యం అనను. ఇంక ఆ గదిలోకి వెళ్ళి ఆ మాట వింటూ కూర్చోలేను, అంతే. సంచిలోంచి కాగితం తీసి కౌంటరు మీద పరిచాను. అది కౌంటరు చాలక అటువైపు జారింది.

"ఇదేటి?"

"ఆరోజు మిషన్లు ఆగిపోయినప్పుడు తెరిచి ఉన్న కనెక్షన్లు సార్. ఒక్కో వరసా ఒకటి. కుడిచేతివైపు అంకె మిషన్ నంబరు."

ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. అంకెలు మాత్రం బాగా వచ్చు. కళ్ళజోడు పెట్టుకుని వేలుతో దిగుతూ వచ్చాడు. "పద్నాలుగు, పద్నాలుగు, పద్నాలుగు..." మడత విప్పాడు. మళ్ళీ పద్నాలుగు. "మనకి పన్నెండే గదా?"

"కౌంటరు మీద మీది పదమూడు సార్."

"మరి పద్నాలుగేది?"

నేను కప్పు వైపు చూశాను. ఆయన కూడా చూశాడు. తర్వాత బావమరిది వైపు చూశాడు.

"ఆరోజు ఆమె లేదు సార్. ఆమె వెళ్ళిపోయాకే ఆగింది. ఆమె ఉన్నరోజు కూడా ఆమెవి ఆరే."

"ఏటి బావా, ఒక ఆడపిల్ల కాయితం సూపిత్తే..." అని బావమరిది నవ్వబోయాడు. యజమాని చేయెత్తి ఆపాడు. కాగితాన్ని జాగ్రత్తగా, ఉన్న మడతల మీదే మడిచి, సొరుగులో పెట్టి తాళం వేశాడు.

"నువ్వు పైకెల్లు" అన్నాడు అతనితో. "పగలు అది కట్టీ. సెంటరు మూసినాక ఏటి సేసుకుంటావో సేసుకో." తర్వాత నాతో, "నువ్వు సేసింది తప్పని అన్ను. గాని ఇది మా ఇంటి ఇసయం. బయట అనకు."

"సార్, మరి ఆమెని రమ్మని కబురు పెడదామా?"

"పొమ్మన్నాక మళ్ళీ నానే రమ్మంటే నా మాటకి ఇలవేటమ్మా?"

ఆ రెండోరోజు సర్టిఫికెట్ల సంగతి అడిగాను. ఆయన కోపంగా అనలేదు. మెత్తగా, నవ్వుతూ అన్నాడు. "ఆ కాయితాలు పట్టుకెల్తే నువ్వు మళ్ళీ వత్తావేటి? ఇప్పుడు నువ్వు లేకపోతే నాకు సెంటరు నడవదని నువ్వే సూపినావు గదా." మిషన్‌ని బాగుచేసినందుకు నాకు దక్కింది అది. ఇంటర్వ్యూ రోజున పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఆ గదిలో కూర్చున్నాను. రైలు పలాసలో ఎప్పుడు బయల్దేరుతుందో, విశాఖపట్నం ఎప్పుడు చేరుతుందో గడియారంలో చూస్తూ.

ఆ ఆదివారం టెక్కలి మీదుగా బస్సెక్కి, ఆటో మారి, ఆమె పల్లెకి వెళ్ళాను. ఇంటి ముందు ఇసకలో పాత వల పరిచి నెత్తళ్ళు ఎండబెడుతోంది. నన్ను చూసి లేవలేదు. చేత్తో చేపల్ని అటూ ఇటూ తిప్పుతూనే ఉంది.

"అప్పా, నీ తప్పు లేదని తేలిపోనాది" అన్నాను. మా ఊరి మాటలే వచ్చాయి నాకు. "పైన వాళ్ళ బావమరిది మిషన్ వల్లే అదంతా."

"అలగా."

"ఇంకోటి సెప్పాలి. నీ గురించి ఆ బాబుకి నానే సెప్పినాను."

"తెల్సు."

"ఎలగ తెల్సు?"

"ఎఫ్ ఐదు నొక్కుతన్నావంట, అన్నాడు. ఆ మీట పేరు నీకూ నాకూ తప్ప ఆయనకేటి తెల్సు? 'అంట' అన్నాడంటే ఎవులో సెప్పిందే గదా."

 ఆమె ఒక గుప్పెడు చేపలు పక్కకి తీసి పరిచింది.

"నువ్వు సెప్పినందుకు కోపం లేదు పాపా. బయపెట్టుంటాడు, సెప్పుంటావు. నాను మెట్లు దిగతంటే నువ్వు ఆ గదిలోంచి బయటికి రాలేదు. అదీ."

నేనూ ఆ ఇసకలోనే కూర్చున్నాను. వెళ్ళమనలేదు, ఉండమనలేదు. కొంతసేపటికి నేనూ చేపలు తిప్పడం మొదలుపెట్టాను. ఎండ నెత్తికెక్కాక నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

"నాను అక్కడికి రాను. నువ్వే సూసి సెప్పు" అంది.

పల్లెలో కొట్టు దగ్గర ఒక కాయిన్ బాక్స్ ఫోను ఉంది. బుధవారం, శనివారం పదింటికి ఆమె అక్కడ ఉండేలా, నేను పలాస నుంచి చేసేలా మాట్లాడుకున్నాం. వెనక గదిలో కూర్చుని పేజీ చూసి, ఎదురుగా ఉన్న బూత్‌కి వెళ్ళి ఫోన్ చేసేదాన్ని. "లేదప్పా" అనేదాన్ని. "సరే" అనేది. చాలాసార్లు ఆ రెండు మాటలే. యజమాని చూస్తూనే ఉండేవాడు, ఎవరికి చేస్తున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. ఆయనకి తెలుసనే నా నమ్మకం.

అలా ఏడాది పైన గడిచింది. రెండేళ్ళూ నిండాయి. అన్నమాట ప్రకారం ఆయన బీరువా తీసి నాలుగు సర్టిఫికెట్లూ నా చేతిలో పెట్టాడు. ఇంకో ఏడాది ఉండకూడదా అన్నాడు. ఉండను సార్ అన్నాను. విశాఖపట్నంలో వేరే కంపెనీలో ఉద్యోగం దొరికింది. కాగితాలు నా చేతిలో ఉన్నాయి, తలుపు తెరిచే ఉంది. అయినా వారంరోజులు కదల్లేకపోయాను. బుధవారం పదింటికి ఫోన్ ఎవరు చేస్తారు?

శనివారం ఫోన్లో ఆమెకే చెప్పాను. 

"ఎల్లు పాపా. నువ్వు కూడా ఎన్నాళ్ళు కట్టుబడిపోయి ఉంటావు? నాకు నేర్పీసి ఎల్లు."

ఆమెని టెక్కలిలో ఇంకో సెంటరుకి తీసుకెళ్ళాను. ఆదివారం పొద్దున్న మొదలుపెట్టి సాయంత్రం దాకా కూర్చున్నాం. పేజీ ఎలా తెరవాలో ఆమె వేళ్ళతోనే చేయించాను. భర్త పేరు, ఊరి పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటాయో ఒక్కో అక్షరం కీబోర్డు మీద వెతికించాను. ఆమె ఎన్నిసార్లు తప్పు చేసిందో, అన్నిసార్లూ మొదట్నుంచి చేసింది. సాయంత్రానికి నన్ను చేయి పెట్టనివ్వలేదు. తర్వాత రెండు ఆదివారాలు కూడా వెళ్ళాం. మూడోసారి నేను వెనక బెంచీ మీద ఊరికే కూర్చున్నాను.

విశాఖపట్నం వచ్చిన ఏడు నెలలకి ఆఫీసుకి ఫోన్ వచ్చింది. ఎవరో ఆడమనిషి, మీ ఊరి భాష, అని నవ్వుతూ రిసీవర్ ఇచ్చారు.

"పాపా, నానే సదివినాను" అంది. ఊపిరి అందడం లేదు ఆమెకి. "వాళ్ళు పేరులో ఒక అచ్చరం ఎక్కువేసినారు. ఐనా ఊరు మనదే. రెండుపాల్లు సదివినాను. పక్కోల్ల సేత కూడా సదివించినాను."

నెల తిరక్కుండా అతను ఇంటికి వచ్చాడు. చూడ్డానికి వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం, ఇంట్లో చాప మీద పడుకుని నిద్రపోతున్నాడు. ఆమె ఒకసారి చూపించిన ఫొటోలో కంటే చాలా చిన్నగా ఉన్నాడు. ఆమె లేపలేదు. "వచ్చిన కాడ్నించి నిద్దరే" అంది మెల్లగా. నాకు చేపల పులుసుతో అన్నం పెట్టి, అతని పక్కన కూర్చుని ఈగలు తోలుతూ ఉంది. తిన్నాక ఈ ఆదివారం ఉండిపొమ్మంటుందేమో అనుకున్నాను. అలా అనలేదు. పక్క పల్లె వాళ్ళు ఇద్దరు ఇంకా అవతలి దేశంలోనే ఉన్నారట. వాళ్ళ ఇళ్ళలో చదివేవాళ్ళు లేరట.

"బుదవారం టెక్కలి ఎల్లాలి" అంది. "ఆళ్ళ పేర్లు ఇంగ్లీసులో ఎలగుంటాయో రాసి ఇచ్చీసి ఎల్లు."